ఎల్లర్‌డెన్‌లో ఒక తాతగారు

“మూడు తరాల పేర్లు కావాలమ్మా,” అన్నారు విశ్వనాథం గారు ఫోన్‌లో. “వారి తండ్రి, తాత, ముత్తాత. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రమని చెబుతాం, దానికేం బెంగ లేదు. పేర్లు మాత్రం మీరే ఇవ్వాలి. అవి నేను కల్పించలేను కదా.”

విశ్వనాథం గారు డెట్రాయిట్ పక్కన గుళ్ళో పురోహితులు. ఆయన అడిగిన మూడు పేర్లలో కృష్ణకుమారి దగ్గర ఉన్నది ఒక్కటే. జోసెఫ్.

జోసెఫ్ గారికి పిండమేమిటి, ఇదెక్కడి చోద్యం అని మీరు ముక్కున వేలేసుకుంటే వేసుకోండి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆమెను ఎరిగినవాళ్ళంతా అప్పటికే వేసుకున్నారు. ఆమె భర్త క్లిఫర్డ్ హార్‌గ్రీవ్స్ ఇంగ్లండులో పుట్టి, వయసులో ఉండగానే మిషిగన్ వచ్చి పడ్డ మనిషి. దేవుడున్నాడా లేడా అని ఎవరైనా అడిగితే వాతావరణం సంగతి మాట్లాడే రకం. 2009 జనవరిలో ఒక పొద్దున డ్రైవ్‌వే మీద మంచు తోడుతూ అలాగే కూలబడి పోయాడు. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు వచ్చారు, దహనం జరిగింది, ఆఫీసువాళ్ళు పూలు పంపారు. అంతటితో సరి. పన్నెండో రోజున చేయవలసినవేవీ ఆమె చేయించలేదు. పిల్లలు లేరు. చెయ్యమని చెప్పే పెద్దవాళ్ళు లేరు. అసలు ఆ స్థితిలో ఆమెకు తోచనూ లేదు.

ఏడాది దగ్గర పడుతున్నకొద్దీ బెంగ పట్టుకుంది. చిన్నప్పుడు తెనాలిలో తండ్రి పక్కన కూర్చుని విన్న మాటలు ఒక్కొక్కటీ పైకి రావడం మొదలెట్టాయి. పోయినవాడి పేరున ఒక అన్నం ముద్ద చేస్తారు. దాన్ని మూడు ముక్కలు చేసి, తండ్రి ముద్దలో ఒకటి, తాత ముద్దలో ఒకటి, ముత్తాత ముద్దలో ఒకటి కలుపుతారు. దాన్నే సపిండీకరణం అంటారు. అది జరిగితే పోయిన మనిషి తన వాళ్ళ పంక్తిలో కూర్చుంటాడు. జరగకపోతే ఎవరికీ కాకుండా దారిలో నిలబడి ఉంటాడు. కృష్ణకుమారి కార్ల కంపెనీలో రంగుల కెమిస్టుగా పనిచేసి రిటైరైంది. ఇవన్నీ నమ్ముతావా అంటే సూటిగా జవాబు చెప్పలేదు. కానీ ఆయన మంచులో, ఆ పాత కోటుతో, ఎటు పోవాలో తెలియక దారిలో నిలబడి ఉన్నాడన్న ఊహ ఆమెను అన్నం తిననివ్వలేదు.

“అట్ల కాదు ఆంటీ,” అంది రేణు. రేణు ఆ వీధిలోనే ఉంటుంది. కరీంనగర్ పిల్ల, ఐటీ ఉద్యోగం, నోట్లో మాట దాగదు. “అంకుల్ క్రిస్టియన్ కదా. చర్చ్‌లో ఒక ప్రేయర్ అరేంజ్ చేపిస్తే అయిపోతది. మీరెందుకింత స్ట్రెస్ తీసుకుంటున్నరు?”

“ఆయన చర్చి గడప తొక్కడం నేనెప్పుడూ చూడలేదు తల్లీ. నా మొగుడికి నాకు తెలిసిందే నేను చేస్తాను. తెలియనిది ఎక్కడ చెయ్యను?”

కృష్ణకుమారి ఆంటీ గొంతులో ఆ బిరుసు వచ్చిందంటే ఇక వాదించి లాభం లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి రావాలి. ఇరవై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషి తాత పేరు ఆమెకు ఎందుకు తెలియదు? ఆయన చెప్పలేదు, అందుకని తెలియదు. క్లిఫర్డ్ అదే కంపెనీలో సీట్ల గుడ్డలు పరీక్షించే ల్యాబులో ఉండేవాడు. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి ఇది ఎన్నాళ్ళుంటుందో చెప్పేసేవాడు, ఆ తరువాత మెషీను కూడా అదే చెప్పేది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, “మాది మిల్లు ఊరు,” అనేవాడు. అంతే. పెళ్ళయిన కొత్తలో కృష్ణకుమారి ఆయన్ని కూర్చోబెట్టి తన వంశం మొత్తం అప్పజెప్పింది. నిడమర్తి వారు, కౌండిన్య గోత్రం, తండ్రి రామయ్య, తాత వెంకటప్పయ్య, ఆయన తండ్రి రామయ్య, ఆయన తండ్రి వెంకటప్పయ్య, అలా ఏడు తరాల దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. ఈ పెళ్ళి చేసుకున్నందుకు ఆ రామయ్య గారే ఆమెతో మాటలు మానేశాడు, అయినా ఆయన వంశమంటే ఆమెకు అంత గొప్ప. క్లిఫర్డ్ విన్నాడు. ఈల వేశాడు. “మరి మీ వాళ్ళో?” అంది ఆమె. “మా వాళ్ళ గురించి చెప్పడానికేముంది, మిల్లు జనం,” అన్నాడు. ఇంగ్లండు తీసుకెళ్ళమని ఎన్నిసార్లడిగినా వచ్చే ఏడాది చూద్దామనేవాడు. ఆ వచ్చే ఏడాది రాలేదు.

దాంతో కృష్ణకుమారి కంప్యూటర్ ముందు కూర్చుంది. భర్త పుట్టిన ఊరు పాస్‌పోర్టులో ఉంది. లాంకషైర్‌లో ఎల్లర్‌డెన్ అనే పల్లె. తండ్రి జోసెఫ్, తల్లి ఆనీ. అక్కడి నుంచి వెనక్కి వెళ్ళాలి. జనాభా లెక్కలు, చర్చి రికార్డులు చూపించే వెబ్‌సైటుకి క్రెడిట్ కార్డు ఇచ్చింది. దాన్లో దారులు తెలిసేసరికి చెట్ల ఆకులన్నీ రాలిపోయాయి. ఈలోగా ఎల్లర్‌డెన్ స్థానిక చరిత్ర సంఘం వాళ్ళ పేజీ ఒకటి కనబడింది. దాని నిండా పాత ఫొటోలు. ఇక ఆమె ఆ ఊళ్ళోనే ఉండిపోయింది.

ఊరంటే పెద్ద ఊరేం కాదు. ఒక నూలు మిల్లు, ఒక పొగగొట్టం, మిల్లుకు నీళ్ళిచ్చే చెరువు, కొండ వాలున నల్లబడ్డ రాతి ఇళ్ళ వరసలు. ఆ ఇళ్ళూ మిల్లువే, ఆ దుకాణమూ మిల్లుదే. తెల్లవారకముందే ఒక మనిషి పొడుగాటి కర్ర పట్టుకుని మేడమీది కిటికీల అద్దాలు తట్టి జనాన్ని నిద్ర లేపేవాడట. ఆడవాళ్ళు తల మీద శాలువా కప్పుకుని, కాళ్ళకు చెక్క చెప్పులు వేసుకుని, రాళ్ళ మీద టకటకలాడిస్తూ మిల్లుకి నడిచేవాళ్ళట. ఒక్కొక్కరికి నాలుగేసి మగ్గాలు. మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపి మాట్లాడుకునేవాళ్ళట. చెవులు ఎలాగూ పోయేవి. ఇంటికొచ్చాక కూడా అలాగే మాట్లాడుకునేవాళ్ళు, ఇంట్లో పిల్లలకీ ఆ విద్య వచ్చేసేది.

అది చదివి కృష్ణకుమారి కుర్చీలో వెనక్కి వాలింది. క్లిఫర్డ్ టీవీలో వార్తలు సౌండు తీసేసి చూసేవాడు. ఏళ్ళ తరబడి ఆ విషయం మీద దెబ్బలాడింది. బొమ్మలు చూస్తే వార్తలు తెలుస్తాయా, మీకేమైనా పిచ్చా అని. ఆయన నవ్వేవాడు తప్ప, నాకు పెదవులు చదవడం వచ్చు, మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను అని ఒక్క ముక్క చెబితేనా!

“ఏం, నోటి ముత్యాలు రాలిపోయేవా?” అంది పైకే, ఖాళీ కుర్చీ వైపు చూసి. “ఇరవై అయిదేళ్ళు పక్కన పడుకున్నదానికి చెప్పకూడదా ఈ మాట? ఇప్పుడు చూడండి, ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్ళు రాసింది చదివి నా మొగుణ్ణి నేను తెలుసుకోవలసొచ్చింది.”

తిట్టాక కాస్త తేలికపడింది. ఆ మధ్య ఆమె గొంతు ఆమెకు వినబడేది ఇలాంటప్పుడే. రేణు వారాంతాల్లో వచ్చేది, తక్కిన రోజుల్లో ఇల్లు వెచ్చచేసే ఫర్నేస్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. కార్ తీసుకుని పటేల్ గారి కొట్టుకి వెళితే కౌంటర్‌లో అమ్మాయి బ్యాగు కావాలా అని అడిగేది, వద్దనేది. ఆ రోజుకి మాటలు అవే. తెలుగువాళ్ళు లేక కాదు, కొల్లలుగా ఉన్నారు. ఆమె వచ్చిన రోజుల్లో ఉన్నవాళ్ళు తెల్లవాణ్ణి చేసుకుందని దూరం పెట్టారు. ఇప్పుడొచ్చినవాళ్ళు కుర్రవాళ్ళు, ఆంటీ అని నోరారా పిలుస్తారు, పేరంటాలకి రమ్మంటారు, కానీ వాళ్ళ లోకం వాళ్ళది. ఎల్లర్‌డెన్‌లో మాత్రం ఎవరూ ఆమెను ఏమీ అనరు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో, ఏ మలుపులో రొట్టెల కొట్టో ఆమెకు కంఠతా వచ్చేసింది. తన వీధిలో మూడో ఇంటివాళ్ళ పేరు అడిగితే చెప్పలేదు.

చిక్కల్లా హార్‌గ్రీవ్స్‌ల దగ్గర వచ్చింది. ఆ లోయలో రాయి విసిరితే హార్‌గ్రీవ్స్ మీద పడుతుంది. వాళ్ళలో జోసెఫ్‌లు ముగ్గురు తేలారు, ఇంచుమించు ఒకే వయసువాళ్ళు, అందరూ మిల్లు పిల్లలే. ఒకడు థామస్ కొడుకు. ఒకడి దగ్గర సారా అని తల్లి పేరు మాత్రమే ఉంది. తండ్రి ఏ పనికో పోయి లెక్కలవాళ్ళకు దొరికి ఉండడులే అనుకుని వాణ్ణి పక్కన పెట్టింది. మూడోవాడు క్లిఫర్డ్ కొడుకు.

ఆ పేరు చూడగానే ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇంకా వెతికేదేముంది? తాత పేరు మనవడికి పెట్టారు! లోకంలో ఇంకెలా పెడతారు? రామయ్య, వెంకటప్పయ్య, మళ్ళీ రామయ్య. ఆమె తమ్ముడు కూడా వెంకటప్పయ్యే, కాకపోతే బళ్ళో వెంకట్ అని రాయించుకున్నాడు. తాత పేరు తాతతో పోకూడదు కాబట్టి మనవడు మొయ్యాలి. ఆ మాట ఆమెకు ఉగ్గుపాలతో వచ్చింది. ఇంగ్లీషువాళ్ళకు ఆ పట్టింపు ఉండి తీరాలని ఏమీ లేదు కదా, పేరు బాగుందని పెట్టుకోవచ్చు కదా అన్న అనుమానమే ఆమెకు రాలేదు. కారు తలుపు రంగులో వెంట్రుకవాసి తేడా వచ్చినా బ్యాచ్ మొత్తం వెనక్కి పంపించిన మనిషి, ఇక్కడ మాత్రం రెండోసారి చూసుకోలేదు.

వెంటనే చరిత్ర సంఘానికి ఈమెయిల్ రాసింది. “మా వారి తండ్రి జోసెఫ్ హార్‌గ్రీవ్స్, తాత క్లిఫర్డ్ హార్‌గ్రీవ్స్. ఆ క్లిఫర్డ్ గారి తండ్రి పేరు దయచేసి చెప్పగలరా?” కింద తన పేరు పెట్టింది, పుట్టింటి ఇంటిపేరుతో. ఆమె ఇంటిపేరు ఎన్నడూ మార్చుకోలేదు. ఉత్తరం మొత్తంలో భర్త పేరు ఎక్కడా లేదు. కావాలని దాచిందేమీ కాదు. బ్యాంకు కాగితాల మీద రాయక తప్పదు కాబట్టి రాసేది గానీ, మనుషులతో చెప్పేటప్పుడు మొగుణ్ణి పేరు పెట్టి అనడం ఆమెకు చేతకాదు. మా వారు అంటుంది, ఎదురుగా ఉంటే ఏవండీ అంటుంది. అది విని ల్యాబులో కొందరు ఆయన ముద్దుపేరు ఎవాన్ అనుకునేవాళ్ళు.

సంఘం తరఫున డోరీన్ అనే పెద్దావిడ జవాబిచ్చింది. ఆ జోసెఫ్ తండ్రి క్లిఫర్డ్ మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఆయన తండ్రి ఎడ్మండ్ గుర్రబ్బండి తోలేవాడు. మర్యాదస్తుల కుటుంబం. ఫొటో కూడా జతపరిచింది. గుబురు మీసాలు, చేతిలో రెంచి, వెనకాల మగ్గాలు.

కృష్ణకుమారి దాన్ని ప్రింట్ తీసి రేణుకి చూపించింది. “చూడు, ఆ చెవులు చూడు! అచ్చం ఆయనవే.”

“అవును ఆంటీ, సేమ్ టు సేమ్,” అంది రేణు. పాపం, ఇంకేమంటుంది?

జోసెఫ్, క్లిఫర్డ్, ఎడ్మండ్. మూడు పేర్లూ కుదిరాయి. తిథి చూసుకుని జనవరిలో విశ్వనాథం గారు ఇంటికే వచ్చారు. పంచె మీద మంచు కోటు, కాళ్ళకు బూట్లు, చేతిలో దర్భల కట్ట. పొగకి అలారం మోగకుండా రేణు కుర్చీ ఎక్కి దానికి షవర్ క్యాప్ తొడిగింది. కొడుకులు లేరు కాబట్టి కృష్ణకుమారి దర్భ ఇచ్చి, ఆమె బదులు విశ్వనాథం గారే కర్తగా కూర్చున్నారు. ఆయనకు నోటి అలవాటు కొద్దీ “జోసెఫ్ శర్మ” అని వచ్చేసింది. కృష్ణకుమారికి ఫక్కున నవ్వొచ్చింది, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనా కొద్దిగా నవ్వి, “ఏం ఫరవాలేదమ్మా, వారు ఏమీ అనుకోరు,” అని ముందుకు వెళ్ళారు. ఆ తరువాత పోయినవాడి ముద్దను దర్భతో మూడు ముక్కలు చేసి, ఒక్కొక్క పేరూ చెబుతూ ఒక్కొక్క ముద్దలో కలిపారు. ఏది ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి. అది చూసి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగింది. ఆయన ఇప్పుడు దారిలో లేడు, తాత పక్కన కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండోసారి అన్నం వడ్డించుకుని తింది.

వసంతం వచ్చాక, మంచంతా కరిగి పెరట్లో గడ్డి బయటపడ్డాక, డోరీన్‌కి ఒక థాంక్స్ చెప్పాలనిపించింది. ఆవిడ సాయం లేకపోతే పని జరిగేదా? ఆ ఊరి పిల్లవాడు కాబట్టి సంఘం దగ్గర ఆయన ఫొటో ఒకటి ఉంటే బాగుంటుందనుకుంది. హ్యూరాన్ సరస్సు ఒడ్డున టోపీ పెట్టుకుని నిలబడ్డ ఫొటో పంపించింది. “ఇది మా వారు,” అని రాసింది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. డోరీన్ కేక వేసినట్టు మాట్లాడింది, ఆవిడకు సరిగా వినబడదు.

“ఇది మా క్లిఫ్ కదూ? ఆనీ కొడుకు క్లిఫ్! నువ్వు క్లిఫ్ భార్యవా తల్లీ? మరి ఆ ముక్క ముందే చెప్పలేదేం? క్లిఫ్ ఎలా ఉన్నాడు?”

“పోయారండీ. ఏడాది దాటింది. మీరు చెప్పిన క్లిఫర్డ్ గారి మనవడు…”

“కాదు కాదు. ఆ మేస్త్రీ వాళ్ళకీ వీళ్ళకీ ఏ చుట్టరికమూ లేదు. నువ్వు మేస్త్రీ కొడుకు జోసెఫ్ గురించి అడిగావు, నేను వాళ్ళ సంగతి రాశాను. క్లిఫ్ వాళ్ళ నాన్న మా ఇళ్ళ వరసలోనే ఉండే జో. సారా కొడుకు. క్లిఫ్‌కి ఆ పేరు ఆనీ పెట్టుకుంది, వాళ్ళన్న పేరది, చిన్నప్పుడే పోయాడు.”

కృష్ణకుమారి కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. సారా. తను పక్కన పెట్టేసిన రెండోవాడు. మామయ్య పేరు మేనల్లుడికి! ఆ దారి ఆమెకు తట్టనే లేదు.

“మరి జో గారి తండ్రి?” అంది.

వినబడలేదేమో అనుకుని మళ్ళీ గట్టిగా అడిగింది.

“వినబడింది తల్లీ,” అంది డోరీన్. ఈసారి గొంతు తగ్గింది. “తండ్రి లేడు. ఉండే ఉంటాడనుకో, ఎవరో ఒకరు. సారా చెప్పలేదు. ఆ మిల్లులో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా పెదవుల మీదుగా సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయేది. అలాంటి చోట ఆ ఒక్క పేరు ఆవిడ పెదవి దాటలేదు. చచ్చిపోయే రోజున మా అమ్మ పక్కనే ఉంది, అప్పుడూ చెప్పలేదు. జో బతికినన్నాళ్ళూ దానికి మాటలు పడ్డాడు. క్లిఫ్ కూడా బళ్ళో పడ్డాడు. అందుకే మీసాలు రాగానే ఊరొదిలి పోయాడు.”

“ఆయనకు తెలుసా? తాత ఎవరో తెలియదని…”

“తెలుసుకుందామనే కదా వచ్చాడు! తొంభై నాలుగులో. నీకు చెప్పలేదా?”

తొంభై నాలుగులో ఆయన వెళ్ళింది జర్మనీకి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గుడ్డల ఎగ్జిబిషన్ అని కంపెనీ పంపింది.

“మా అమ్మ అప్పటికింకా ఉంది, చెవులు పూర్తిగా పోయాయి,” అంటోంది డోరీన్. “ఇదే వంటింట్లో కూర్చున్నాడు. బయట కుంభవృష్టి, బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను టీ పెడుతున్నాను. అమ్మకేసి తిరిగి గొంతు లేకుండా పెదవులతో అడిగాడు. మా తాత ఎవరు అని. అంతకాలం అమెరికాలో ఉండి ఆ పెదవుల మాట మర్చిపోలేదు చూడు. అమ్మ కూడా అలాగే చెప్పింది, ఎవరికీ తెలియదు నాయనా అని. గదిలో ఒక్క చప్పుడు లేదు. నాకు మాత్రం ఇద్దరి మాటలూ తెలుస్తున్నాయి. ఊహగానైనా ఒక పేరు చెప్పమన్నాడు. అమ్మ తల ఊపింది. అప్పుడు నా వైపు తిరిగి పైకే అన్నాడు, మా ఆవిడ వాళ్ళ నాన్న, తాత, అలా వెనక్కి వెనక్కి పేర్లు చెబుతుంది, చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి మీరు, నేనూ ఒక్క పేరైనా పట్టుకెళ్ళి చెబుదామని వచ్చాను అని. టీ తాగాడు, బస్సెక్కి వెళ్ళిపోయాడు.”

ఫోన్ పెట్టేశాక కృష్ణకుమారికి ఆ రోజులు గుర్తొచ్చాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చినప్పుడు ఆయనకు రొంప పట్టింది. కొత్త బూట్లు నాని తెల్లగా చారలు కట్టి పాడైపోయాయి. జర్మనీలో కొట్లు లేవా, గొడుగు కొనుక్కోవచ్చు కదా అని ఆమె దులిపేసింది. ఆయన తల వంచుకుని మిరియాల చారు తాగాడు. ఇదే బల్ల దగ్గర, ఎదురుగా కూర్చుని. నోటిదాకా వచ్చి ఉంటుందా ఆ మాట? చెప్పి ఉంటే నేనేమన్నా అనేదాన్నా? ఎందుకంటాను, అనను! అనుకుంది గట్టిగా. అనుకున్న కాసేపటికి అంత గట్టిగా అనుకోలేకపోయింది. ఆ రోజుల్లో ఆమె మనసులో నిడమర్తి వారి వంశం ఎంత ఎత్తున ఉండేదో ఆమెకు తెలుసు. పెదవి విరవకపోయినా ఆయన చదివేసేవాడు. పెదవులు చదవడం వచ్చిన మనిషి కదా.

తాత దొరకనందుకు ఆమెకు ఏడుపు రాలేదు. ఆ వానలో అంత దూరం ఒక్కడూ వెళ్ళి, ఉత్త చేతులతో ఒక్కడూ తిరిగొచ్చి, ఆ సంగతి లోపల పెట్టుకుని పదిహేనేళ్ళు ఆమె పక్కన బతికాడని ఏడుపొచ్చింది. తనూ చలికాలమంతా ఆ ఊళ్ళోనే, ఆ ఇళ్ళ మధ్యే, ఆ పేరు కోసమే ఒక్కత్తీ తిరిగింది. కలిసి తిరగవలసిన ఊరు. బల్ల మీద తల పెట్టుకుని, “ఇంత అన్యాయం చేస్తారా ఏవండీ,” అని ఎలుగెత్తి ఏడ్చింది. వినేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఎంతసేపు ఏడ్చినా అడ్డం చెప్పేవాళ్ళు లేరు.

తేరుకున్నాక ఇంకో భయం పట్టుకుంది. విశ్వనాథం గారికి ఫోన్ చేసింది.

“ఘోరం జరిగిపోయిందండీ. ఆయన్ని పరాయివాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టాను. ఎవరో మేస్త్రీ, ఎవరో బండివాడు. ఆయన అక్కడ బిక్కమొహం వేసుకుని కూర్చుని ఉంటారు.”

విశ్వనాథం గారు మొత్తం విన్నారు.

“అమ్మా, తెలియక చేసింది తప్పు కిందికి రాదు. ఎవరిని ఎవరి దగ్గరికి చేర్చాలో ఆ దేవతలకు తెలుసు, మన ఉచ్చారణ మీదే వాళ్ళు ఆధారపడితే నా బోటివాడి వల్ల ఎంతమంది దారి తప్పేవారో! అసలు పేరు తెలియని పితృదేవతలు మీ ఒక్కరికేనా ఏమిటి? శాస్త్రం రాసినవాళ్ళకే వచ్చింది ఈ చిక్కు. అందుకే తండ్రి పేరు తెలియకపోతే భూమి మీద ఉన్నవారు అనీ, తాత పేరు తెలియకపోతే ఆకాశంలో ఉన్నవారు అనీ, ముత్తాత పేరు తెలియకపోతే స్వర్గంలో ఉన్నవారు అనీ చెప్పమన్నారు.”

“మరి ఆ మేస్త్రీ గారూ, వాళ్ళ నాన్నగారూ?”

“ఎవరో పిలిచి అన్నం పెట్టారు, తిని వెళ్ళి ఉంటారు. వచ్చే ఏడు ఆబ్దికానికి సరిగ్గా చెబుదాం. మీరు వేళకి భోజనం చెయ్యండి.”

ఆ సంవత్సరం ఆమె ఇక వెతకలేదు. డోరీన్ అప్పుడప్పుడు ఫోన్ చేసేది, సారా పాతికేళ్ళ వయసులో తోటి నేతగత్తెలతో దిగిన ఫొటో ఒకటి పంపింది. సారా నవ్వడం లేదు. చెవుల్లో గానీ ముక్కులో గానీ క్లిఫర్డ్ పోలిక ఉందో లేదో కృష్ణకుమారికి అంతు చిక్కలేదు. ఈసారి రేణుని అడగలేదు.

మళ్ళీ జనవరి వచ్చింది. విశ్వనాథం గారు బూట్లు గడప దగ్గర విడిచి, పొయ్యి దగ్గర చేతులు వెచ్చ చేసుకుని కూర్చున్నారు. రేణు సెలవు పెట్టుకుని వచ్చి వంటింట్లో గారెలు వేయిస్తోంది. దర్భలు పరిచారు, నువ్వులు తడిపారు. ఆయన ఒక్కొక్క పేరే అడగడం మొదలెట్టారు. అన్నీ ఆయనకు తెలుసు, అయినా అడగడం పద్ధతి.

“వారి పేరు?”

కిందటేడు ఈ చోట ఆమె తల వంచుకుంటే ఆయనే చెప్పుకున్నారు. ఇప్పుడు ఆమె నోరు విప్పింది. “క్లిఫర్డ్.”

“వారి తండ్రి?”

“జోసెఫ్.”

“వారి తాత?”

కృష్ణకుమారి నీళ్ళ చెంబు పట్టుకుని ఉంది. వంటింట్లో నూనె చిటపటలాడటం వినబడుతోంది.

“తెలియదండీ,” అంది. “ఆయన వెళ్ళి అడిగారు. నేనూ అడిగాను. ఇద్దరం వెతికాం, దొరకలేదు.”

విశ్వనాథం గారు తల పంకించి, ఆకాశంలో ఉన్నవారు అని చెప్పి, చెయ్యి చాపారు. ఆమె నువ్వులూ నీళ్ళూ ఆ చేతిలో పోసింది.